పెళ్లి ఫొటోల నుంచి మిలటరీ ఫొటోగ్రఫీకి వెళ్లొచ్చా? విశాఖలో ముప్పై ఒక్క ఏళ్లు చేసినవాడి జవాబు

గాజువాక నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "నా వయసు 24. డిగ్రీ అయింది. నాలుగేళ్లుగా పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తున్నాను. నేవీలోనో ఆర్మీలోనో ఫొటోగ్రాఫర్‌గా చేరాలని ఉంది. ఎలా చేరాలి? జీతం ఎంత? యుద్ధం వస్తే పంపుతారా? అమ్మకి టెన్షన్‌గా ఉంది. నా దగ్గర ఫుల్‌ఫ్రేమ్ కెమెరా ఉంది, అది సరిపోతుందా?"

తమ్ముడూ, నేను 1987 నుంచి 2018 దాకా విశాఖలో ఒక రక్షణ సంస్థలో సివిలియన్ ఫొటోగ్రాఫర్‌గా పనిచేశాను. నేను యూనిఫాం వేసుకోలేదు గానీ నా సర్వీసంతా యూనిఫాం వాళ్ల మధ్యే గడిచింది. డార్క్‌రూమ్‌లో ఎర్రలైటు కింద మొదలుపెట్టి మెమరీ కార్డుల కాలంలో రిటైరయ్యాను. నువ్వు అడిగినవాటిలో కెమెరా సంగతి అన్నిటికంటే చిన్నది. నువ్వు అడగనిది ఒకటుంది, ఈ ఉద్యోగానికి అదే ప్రాణం. ముందు చేరే దారి చెప్పి, తర్వాత దానికి వస్తాను.

మన దేశంలో మిలటరీ ఫొటోగ్రాఫర్ అని బోర్డు పెట్టి కుర్రాళ్లను నేరుగా తీసుకునే చోటు లేదు. అమెరికా నేవీలో ఉంది. అక్కడ 2006లో ఫొటోగ్రాఫర్లను, విలేఖరులను, ప్రింటింగ్ వాళ్లను, బొమ్మలు గీసేవాళ్లను కలిపి మాస్ కమ్యూనికేషన్ స్పెషలిస్ట్ అనే ఒకే విభాగం చేశారు. మేరీల్యాండ్‌లోని ఫోర్ట్ మీడ్‌లో డిఫెన్స్ ఇన్ఫర్మేషన్ స్కూల్ ఉంది, వాళ్లకు శిక్షణ అక్కడే. బ్రిటన్ వాళ్లకు కాస్‌ఫర్డ్ ఎయిర్‌ఫోర్స్ స్థావరంలో ప్రత్యేకంగా ఫొటోగ్రఫీ స్కూలే ఉంది. యూట్యూబ్‌లో నువ్వు చూసే వీడియోలు చాలావరకు వాళ్లవే. వాటిని చూసి ఇక్కడ లెక్కలు వేసుకుంటే నిరాశ పడతావు.

ఇక్కడ యూనిఫాంలో చేరాలంటే 2022 నుంచి అగ్నిపథ్ పథకమే దారి, అలా చేరినవాళ్లను అగ్నివీర్ అంటారు. నేవీ అగ్నివీర్‌కి వయసు పదిహేడున్నర నుంచి 21 మధ్య అడుగుతారు, అంటే నీకు ఆ వయసు దాటిపోయింది. మీ వీధిలో చిన్నవాళ్లు అడిగితే చెప్పు: శిక్షణ ఒడిశాలో ఐఎన్ఎస్ చిల్కాలో, సర్వీసు నాలుగేళ్లు, ఆ తర్వాత నూటికి పాతికమంది వరకే కొనసాగుతారు. అమ్మాయిలూ వెళ్లొచ్చు. 2023 మార్చిలో చిల్కా నుంచి బయటికొచ్చిన మొదటి బ్యాచ్‌లో 273 మంది అమ్మాయిలున్నారు. అయితే దరఖాస్తులో ఫొటోగ్రాఫర్ అని టిక్కు పెట్టే గడి ఉండదు. చేరాక, ఫలానా కుర్రాడికి కెమెరా పట్టడం వచ్చు అని పైవాళ్లకు తెలిస్తే ఆ పని చేతికొస్తుంది. అలా వచ్చినవాళ్లు నాకు బాగా తెలుసు, మంచి ఫొటోలు తీశారు. కానీ దాన్ని నమ్ముకుని చేరమని ఎవరికీ చెప్పలేను.

నీకు మిగిలింది సివిలియన్ పోస్టులు. రక్షణ శాఖకు ఢిల్లీలో ప్రజాసంబంధాల డైరెక్టరేట్ ఉంది, డీపీఆర్ అంటారు, దానికి ఫొటో విభాగం ఉంది. 1909లో ఫౌజీ అఖ్బార్‌గా మొదలై 1954లో పేరు మార్చుకున్న సైనిక్ సమాచార్ పత్రిక వాళ్లదే. తెలుగుతో కలిపి 13 భాషల్లో వచ్చిన పత్రిక అది, పాత సంచికలు దొరికితే ఫొటోల కోసం చూడు. మూడు దళాలకూ శిక్షణ చిత్రాలు తీసే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ఫిల్మ్ అండ్ ఫొటో డివిజన్ వేరే ఉంది. నేవీ తన సివిలియన్ ఖాళీలకు ఐఎన్‌సీఈటీ అనే ఉమ్మడి పరీక్ష పెడుతోంది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ తన సాంకేతిక సిబ్బందిని సెప్టామ్ అనే నియామక విభాగం ద్వారా తీసుకుంటుంది, ఆ నోటిఫికేషన్లలో ఫొటోగ్రఫీ విభాగం చూశాను. మన ఊళ్లోనే 1969 నుంచి ఉన్న నేవీ పరిశోధన ల్యాబు ఎన్ఎస్‌టీఎల్ డీఆర్‌డీఓదే కదా. ల్యాబుల్లో ఫొటోగ్రాఫర్ పని వేడుకలు తీయడం కాదు. పరీక్ష జరిగే క్షణాన్ని హైస్పీడ్ కెమెరాతో పట్టి ఇంజనీర్లకు ఇవ్వాలి. ఓపిక ఉన్నవాడికి అది చాలా గొప్ప పని.

నోటిఫికేషన్‌లో పోస్టు పేరు చూసి ఫీజు కట్టేయకు. కెమెరామన్ అని ఉంటుంది, కింద అర్హతలు చదివితే అది ప్రెస్సులో ప్లేట్లు చేసే ప్రాసెస్ కెమెరా పని అయ్యుండొచ్చు. ఖాళీలు కూడా ఒకటీ రెండే వస్తాయి, ఏళ్లపాటు రాకపోనూవచ్చు. అందుకని పెళ్లిళ్ల పని మానకు. ఈలోగా కాగితం సంపాదించు. ఐటీఐలో డిజిటల్ ఫొటోగ్రాఫర్ ట్రేడు ఏడాదిది. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్‌ఏయూలో ఫొటోగ్రఫీలో బీఎఫ్‌ఏ డిగ్రీ ఉంది. నాలుగేళ్ల అనుభవం నీ చేతుల్లో ఉంది గానీ కాగితం మీద లేదు. నువ్వు పనిచేసిన స్టూడియోల నుంచి తేదీలతో సర్టిఫికెట్లు ఇప్పుడే రాయించుకో. స్టూడియో మూసేశాక ఓనరుని వెతుక్కుంటూ తిరిగిన కుర్రాళ్లు నాకు తెలుసు.

జీతం సంగతి. పోస్టును బట్టి పే లెవెల్ ఉంటుంది. లెవెల్ 4 అయితే మూలవేతనం 25,500తో, లెవెల్ 5 అయితే 29,200తో మొదలు. దాని మీద డీఏ, ఇంటద్దె. ఇంటద్దె లెక్కలో విశాఖ వై క్లాసు నగరం, అంటే మధ్య రకం. 2004 తర్వాత చేరిన సివిలియన్లకు నాకొచ్చే పాత పెన్షన్ లేదు, అది తెలిసి చేరు. పెళ్లిళ్ల సీజన్‌లో నీకు నెలకు ఇంతకంటే ఎక్కువే రావచ్చు. డబ్బు కోసమే అయితే మారకు.

ఇప్పుడు నువ్వు అడగని సంగతి.

చేరిన రెండో ఏడు, 1988లో, ప్రశంసా పత్రాలిచ్చే కార్యక్రమం ఒకటి తీశాను. పద్నాలుగు మంది. టైపు చేసిన జాబితా నా చేతిలో ఉంది. ఒక్కొక్కరే వచ్చి సెల్యూట్ చేసి తీసుకుని వెళ్తున్నారు, నేను నొక్కుతున్నాను. ఫిల్ము రోలు కడిగితే ఫ్రేములన్నీ షార్ప్. ఎంత సంబరపడ్డానో. ప్రింట్ల వెనక జాబితా వరసలో పేర్లు రాశాను. చివర ఒక పేరు మిగిలింది. ఆ ఒక్కడి ఫొటో నేనే మిస్సయ్యానేమోనని భయపడి ఎవరికీ చెప్పలేదు. జరిగిందేంటంటే, ఐదో నంబరు మనిషి ఒంట్లో బాగాలేక ఆ రోజు రానేలేదు. ఆరు నుంచి పద్నాలుగు దాకా అందరి పేర్లూ ఒక అడుగు జరిగిపోయాయి. తొమ్మిది ఫొటోలు తొమ్మిది తప్పు ఇళ్లకు వెళ్లాయి. నెల తర్వాత ఇచ్ఛాపురం నుంచి ఒక కవరు వచ్చింది. ఒక తండ్రి రాశాడు: "అయ్యా, ఫొటో చక్కగా ఉంది. అయితే ఈ బాబు మావాడు కాడు. ఈ బాబు ఇంటికి మావాడి ఫొటో వెళ్లిందేమో దయచేసి కనుక్కోగలరు." తిట్టలేదు. వేరేవాళ్ల కొడుకు ఫొటోని నలగకుండా అట్టముక్క మధ్యపెట్టి వెనక్కి పంపించాడు కూడా.

మా సూపర్‌వైజరు ఆ ఉత్తరం చదివి, నన్ను కూర్చోబెట్టి ఒక పద్ధతి నేర్పాడు. వేదిక పక్కన వరసలో నిలబడ్డప్పుడే ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి పేరు, నంబరు అడిగి నీ చేత్తో రాసుకో. జాబితాను నమ్మకు, మనిషిని అడుగు. ప్రతి ఐదుగురికీ ఒకసారి ఆ రాసుకున్న కాగితాన్నే ఒక ఫ్రేము తీసుకో, రోలులోనే సాక్ష్యం ఉంటుంది. ఛాతీ మీది పేరు పట్టీ, అదే నేమ్‌ట్యాబ్, చదవగలిగేంత దగ్గరగా కనీసం ఒక ఫ్రేము ఉండాలి. డిజిటల్ వచ్చాక కూడా రిటైరయ్యేదాకా అదే చేశాను.

నువ్వు అడగనిది అదే, తమ్ముడూ. మిలటరీ ఫొటోలో సగం ఫొటో, సగం దాని కింద రాసిన వాక్యం. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరుగుతుండగా, ఎడమ నుంచి కుడికి ఎవరెవరు. ఇదంతా ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాల్సి వస్తుంది, కాబట్టి తప్పుల్లేని నాలుగు వాక్యాలు రాయడం ఇప్పుడే సాధన చెయ్యి. "నేవీ విన్యాసాలు, సూపర్ షాట్" అని రాస్తే ఆ ఫొటో పదేళ్ల తర్వాత ఎవరికీ పనికిరాదు. "విశాఖపట్నం, 2016 ఫిబ్రవరి 6: అంతర్జాతీయ నౌకాదళ సమీక్షలో ఐఎన్ఎస్ సుమిత్ర నుంచి నౌకల వరసను పరిశీలిస్తున్న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ" అని రాస్తే, నువ్వు లేకపోయినా అది తన సంగతి తాను చెప్పుకుంటుంది.

1971 డిసెంబరు 16న ఢాకాలో తీసిన లొంగుబాటు ఫొటో నువ్వు చూసే ఉంటావు. పాకిస్తాన్ సేనాని నియాజీ సంతకం పెడుతుంటాడు, పక్కన మన జనరల్ అరోరా. వెనక నిలబడ్డవాళ్లలో తెల్ల యూనిఫాంలో ఉన్నాయన వైస్ అడ్మిరల్ కృష్ణన్. మన విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళ కమాండ్‌కు అప్పటి అధిపతి ఆయనే. అంతకు పన్నెండు రోజుల ముందు, డిసెంబరు 3 అర్ధరాత్రి, మన తీరంలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. ఈ ఊళ్లో పుట్టినవాళ్లకు ఘాజీ కథ తెలుసు, బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర ఐస్‌క్రీం తిన్నవాళ్లమే అందరం. కానీ ఆ ఫొటోలో విశాఖ మనిషి నిలబడి ఉన్నాడని చెప్తే ఆశ్చర్యపోతారు. పేర్లతో అచ్చువేసిన చోట తెలుస్తుంది, పేర్లు లేకుండా వాట్సాప్‌లో తిరిగినప్పుడు తెలియదు.

ఇంకొకటి చెప్తాను. 1945 ఫిబ్రవరి 23న ఇవో జిమా దీవిలో ఆరుగురు అమెరికా సైనికులు జెండా ఎత్తుతున్న ఫొటో ఉంది కదా. తీసింది అసోసియేటెడ్ ప్రెస్ అనే అమెరికా వార్తాసంస్థ ఫొటోగ్రాఫర్ జో రోసెంథాల్. ఆ గందరగోళంలో పేర్లు రాసుకునే వీలు ఆయనకు లేకపోయింది. తర్వాత వేరేవాళ్లు చెప్పిన పేర్లతో ప్రపంచమంతా అచ్చయింది. 1947లో ఒక పేరు తప్పని తేలింది. 2016లో ఇంకొకటి. 2019లో మరొకటి. ఆరుగురిలో ముగ్గురి పేర్లు సరిచేయడానికి డెబ్బై నాలుగేళ్లు పట్టింది. అంత పేరున్న ఫొటోకే ఇలా జరిగితే, మన ఊరి డాక్‌యార్డులో తీసిన గ్రూప్ ఫొటోని ఎవరు పట్టించుకుంటారు?

పట్టించుకునేవాళ్లు ఉంటారు. 2004లో పలాస దగ్గరి పల్లె నుంచి ఒకావిడ కొడుకుని తీసుకుని వచ్చింది. ఆవిడ భర్త నావికుడుగా చేసి రిటైరయ్యాక చనిపోయాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటో తుఫాను వానలో తడిసిపోయిందట. ఆయన పనిచేసిన ఓడ పేరు, సంవత్సరం చెప్పింది. పైఅధికారి అనుమతి తీసుకుని పాత రిజిస్టర్లు దించాను. నేను చేరకముందు తీసిన నెగెటివ్ అది. రిజిస్టరులో ఓడ పేరు, తేదీ, పక్కన "గ్రూప్, 62" అని మాత్రమే ఉంది. ప్రింటు బల్ల మీద పెట్టాను. అరవై రెండు మంది. ఒకే యూనిఫాం, ఒకే క్రాపు, అగ్గిపుల్ల తలంత ముఖాలు. భూతద్దం ఇచ్చాను. ఆవిడ అద్దం పక్కన పెట్టేసింది. వేలు ఆనించకుండా, కాగితానికి కాస్త పైనే కదుపుతూ, మూడో వరసలో ఆగింది. "ఇదిగో బాబూ, ఈయనే." ముఖం కూడా సరిగా కనపడటం లేదు, ముందు మనిషి టోపీ సగం అడ్డం. అమ్మా, ఎలా చెప్పగలుగుతున్నారు అన్నాను. "నిలబడ్డం సూస్తే తెలీదేటి? ఎడం బుజం ఒంచేసుకుని నిలబడేవోరు."

కొడుకు, ఫొటో వెనక నాన్న పేరు రాసి స్టాంపు వేసి ఇమ్మన్నాడు. వేయలేకపోయాను. రికార్డులో ఆయన పేరు లేదు. ఆ రోజు కెమెరా వెనక ఉన్నవాడు పావుగంట కూర్చుని వరసల వారీగా పేర్లు రాసుకుని ఉంటే నేను స్టాంపు వేసి ఇచ్చేవాణ్ణి. ప్రింటు మాత్రం ఇచ్చాను. ఆవిడ వెళ్లాక రిజిస్టరులో ఆ ఎంట్రీ పక్కన పెన్సిలుతో రాశాను: మూడో వరస, ఎడమ నుంచి ఏడు, భార్య గుర్తుపట్టారు. కింద ఆయన పేరు, ఆ రోజు తేదీ. మిగతా అరవై ఒక్కమంది ఎవరో ఇప్పటికీ తెలియదు.

ఇక పని ఎలా ఉంటుందో. పెళ్లిలో జీలకర్ర బెల్లం క్షణం, చుట్టూ ఇరవైమంది బంధువులు అడ్డం పడుతున్నా మిస్సవకుండా పట్టుకుంటావు చూడు, ఆ నేర్పు ఇక్కడ బాగా పనికొస్తుంది. కానీ "సార్, తాళి ఇంకోసారి పట్టుకోండి, ఇటు చూడండి" అనే అలవాటు గేటు బయట వదిలేసి రావాలి. జరిగినదాన్ని జరిగినట్టే తీయాలి. ఆల్బంలో అడ్డొచ్చిన మేనమామని ఫొటోషాప్‌లో తీసేస్తావు కదా, ఇక్కడ అలా ఒక్క స్తంభాన్ని తీసేసినా అది రికార్డు కాకుండా పోతుంది. వెలుతురు, క్రాపింగ్ సరిచేయడం వరకే.

తెల్ల యూనిఫాం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. విశాఖ ఎండలో, పరేడ్ మైదానంలో రెండొందలమంది తెల్లబట్టల్లో నిలబడితే కెమెరా మీటరు మోసపోతుంది. అంత తెలుపు చూసి వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. యూనిఫాం బూడిదరంగులో, మన చామనఛాయ ముఖాలు టోపీ నీడలో నల్లగా వస్తాయి. అలాగని ముఖం కోసం మరీ పెంచితే యూనిఫాం మడతలు, పతకాల రిబ్బన్ల పక్కనున్న తెలుపు అంతా తుడిచిపెట్టుకుపోతాయి. రిబ్బన్లు స్పష్టంగా ఉండాలి, ఆ మనిషి సర్వీసంతా అక్కడే ఉంటుంది. ముఖానికి కొద్దిగా ఫ్లాష్ కొట్టి, ఎక్స్‌పోజరు తెలుపు చెడనంతవరకే పెంచు. పగటిపూట ఫ్లాష్ ఎందుకని జనం అడుగుతారు, పట్టించుకోకు. ఇది మీ పెళ్లిళ్లలో తెల్ల పంచె కట్టుకున్న పెళ్లికొడుకు మీద ఈ వారమే సాధన చేయొచ్చు.

సముద్రం మీద ఇంకో రకం కష్టం. ఏసీ గదిలోంచి డెక్ మీదకు రాగానే లెన్స్ పొగమంచు పట్టేస్తుంది. బ్యాగు జిప్పు తీయకుండా ఇరవై నిమిషాలు బయట ఉంచి అప్పుడు తియ్యి. డెక్ మీద లెన్స్ మార్చకు. రెయిలింగ్ మీద మోచెయ్యి ఆనించకు, ఇంజన్ వణుకు ఫొటోలోకి వస్తుంది, మోకాళ్లు కాస్త వంచి నీ ఒళ్లే స్ప్రింగులా చేసుకో. తిరిగొచ్చాక మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో కెమెరా ఉప్పు తుడిచి, ఆరబెట్టి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టు. మన ఊరి తేమకు వానాకాలంలో లెన్స్‌లో ఫంగస్ సాలెగూడులా అల్లుకుంటుంది. హెలికాప్టర్ దగ్గరకు వెళ్తే లెన్స్ క్యాపు, లెన్స్ హుడ్, వేలాడే పట్టీ, జేబులో చిల్లర కాగితం ఏదీ వదులుగా ఉండకూడదు. చిన్న ముక్క ఇంజన్‌లోకి పోతే ప్రాణాలు పోతాయి. రెక్కలు తిరుగుతున్నట్టు కనపడాలంటే షట్టరు 1/125 దాకా దించు, ఎక్కువ పెడితే హెలికాప్టర్ గాల్లో వేలాడదీసిన బొమ్మలా ఉంటుంది.

జలాంతర్గామి లోపల ఎంత ఇరుకో తెలియాలంటే బీచ్‌రోడ్డులో కురుసుర మ్యూజియంకి టికెట్ కొనుక్కుని వెళ్లు. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిన జలాంతర్గామి అది, పొడవు 91 మీటర్లు. ఆ గుండ్రటి తలుపులు వంగి దాటుతూ, ఇక్కడ ఒక మనిషిని పని చేస్తుండగా తీయాలంటే ఎక్కడ నిలబడాలి అని ప్రతి గదిలోనూ ఆలోచించు.

చాలా రోజులు వేడుకలూ హెలికాప్టర్లూ ఏమీ ఉండవు. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, కొత్త షెడ్డు, పాత షెడ్డు, పగిలిన పైపు, స్కేలు పక్కన పెట్టి తుప్పు మరక. కుర్రాళ్లు వీటికి విసుక్కుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. మర్నాడు కెమెరా పట్టుకుని బయటికి వెళ్తే కైలాసగిరి కాలినట్టు ఆకు లేకుండా ఉంది, ఎయిర్‌పోర్టు కప్పు ఊడిపోయింది. మా దగ్గర నష్టం లెక్క కట్టడానికి ప్రతి కట్టడం ఫొటో తీశాను. వెంటనే అడిగారు, ఇది తుఫానుకు ముందు ఎలా ఉండేదో ఫొటో ఉందా అని. కొన్నిటికి ఉంది, ఎందుకంటే ఎప్పుడో ఎవరో విసుక్కోకుండా తీశారు. చాలావాటికి లేదు. ఆ తర్వాత నుంచి ఏటా వేసవిలో నాకు నేనే ఒక వారం పెట్టుకుని అన్ని కట్టడాలూ నాలుగు వైపుల నుంచీ తీసేవాణ్ణి.

ప్రమాదాలు జరిగినప్పుడు విచారణ కోసం తీయాల్సి వస్తుంది. ముందు దూరం నుంచి మొత్తం, తర్వాత మధ్యస్థంగా, తర్వాత స్కేలు పెట్టి దగ్గరగా. కొన్నిసార్లు ఆ ఫ్రేములో మనకు తెలిసిన మనిషి ఉంటాడు. తీసేటప్పుడు చెయ్యి వణకదు, ఇంటికొచ్చాక అన్నం దిగదు. ఆ రోజుల్లో మేము ఎవరికీ చెప్పుకోలేదు, అది తప్పు. నువ్వు చేరితే, అలాంటి రోజు తర్వాత ఎవరితోనైనా మాట్లాడు.

మీ అమ్మగారి భయం గురించి. సివిలియన్ ఫొటోగ్రాఫర్‌ని తీసుకెళ్లి ముందు వరసలో నిలబెట్టరు. యూనిఫాంలో ఉన్న ఫొటోగ్రాఫర్ సంగతి వేరు. అతను ముందు సైనికుడు, కెమెరా ఉన్నా చట్టం దృష్టిలో యోధుడే. 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం సైన్యం వెంట వెళ్లే గుర్తింపు పొందిన యుద్ధ విలేఖరిని యోధుడిగా లెక్కించదు గానీ, పట్టుబడితే యుద్ధఖైదీ హక్కులు ఇస్తుంది. అదే ఒప్పందం ఖైదీలను జనం వినోదంగా చూసేలా పెట్టకూడదంటుంది, కాబట్టి ఖైదీ ముఖం ఎలా తీయాలి, ఎవరికి ఇవ్వాలి అన్నది కూడా ఈ వృత్తిలో నేర్చుకోవాల్సిందే. అమ్మకు అబద్ధం చెప్పొద్దు, ప్రాణాలు పోయిన ఫొటోగ్రాఫర్లు ఉన్నారు. ఇవో జిమాలో రోసెంథాల్ పక్కనే నిలబడి అదే జెండాను మూవీ కెమెరాతో తీసిన మెరైన్ సార్జెంట్ బిల్ జెనౌస్ట్ ఆ దీవి మీదే కొద్దిరోజులకు చనిపోయాడు. 2013 జులైలో ఆఫ్ఘనిస్తాన్‌లో హిల్డా క్లేటన్ అనే అమెరికా ఆర్మీ ఫొటోగ్రాఫర్ శిక్షణ ఫొటోలు తీస్తుండగా మోర్టార్ గొట్టం పేలింది. పేలిన క్షణాన్ని ఆమె కెమెరా పట్టుకుంది. ఆమెకు 22 ఏళ్లు, నీకంటే చిన్నది. నువ్వు వెళ్లగలిగే సివిలియన్ ఉద్యోగంలో ప్రమాదం అంత కాదని అమ్మకు చెప్పు, అది నిజం.

ఇన్‌స్టాగ్రామ్ సంగతి గట్టిగా చెప్పాలి. ఈ ఉద్యోగంలో తీసిన ఏ ఫొటో నీది కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ప్రభుత్వ పని మీద తీసినది ప్రభుత్వానిదే. పేపర్లో నా ఫొటోలు ఎన్నో వచ్చాయి, ఒక్కదాని కిందా నా పేరు లేదు. నాకు బాధ లేదు, కానీ పేరు కోసం తపించేవాళ్లకు ఇది కష్టం. 2019 డిసెంబరులో మన ఊళ్లో సోషల్ మీడియా ద్వారా సమాచారం బయటికి పోయిన కేసులో నావికుల అరెస్టులు జరిగాయి. ఆ నెలలోనే నేవీ ఓడల మీద, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లనూ ఫేస్‌బుక్‌నూ నిషేధించింది. ఇంకా చేరలేదు కదా నాకేంటి అనుకోకు. 1923 అధికార రహస్యాల చట్టం అందరికీ వర్తిస్తుంది. నిషేధిత ప్రాంతాల వైపు కెమెరా ఎత్తకు. నేవీ స్థావరాల చుట్టూ మూడు కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. గాజువాక, మల్కాపురం వైపు ప్రీ వెడ్డింగ్ షూట్లకు డ్రోన్ తీసుకెళ్లే ముందు ఇది గుర్తుంచుకో. ఒక్క కేసు పడితే ఉద్యోగానికి పోలీస్ వెరిఫికేషన్ దగ్గరే ఆగిపోతావు. కెమెరాలో జీపీఎస్ ఉంటే ఆపేసి పెట్టుకోవడం ఇప్పుడే అలవాటు చేసుకో.

పత్రికలో ఫొటోగ్రాఫర్‌గా చేరడం ఇంకో దారి. రక్షణ శాఖ విలేఖరుల కోసం డిఫెన్స్ కరస్పాండెంట్స్ కోర్సు నడుపుతుంది, అది చేసినవాళ్లు మూడు దళాలనూ దగ్గరగా చూస్తారు. ఆంధ్రా యూనివర్సిటీలో జర్నలిజం విభాగం ఉంది, వెళ్లి కనుక్కో. నీ పేరు ఫొటో కింద చూసుకోవాలని ఉంటే నీకు ఇదే సరైన దారి, మొహమాటం లేకుండా చెప్తున్నాను.

కెమెరా అడిగావు. నీ దగ్గరున్నది సరిపోతుంది, ఉద్యోగంలో వాళ్ల కెమెరాయే ఇస్తారు.

ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలు ఎప్పుడు జరుగుతాయో పేపర్లో చూస్తూ ఉండు. ప్రధాన నేవీ డే ఈమధ్య వేరే ఊళ్లలో జరుగుతోంది కాబట్టి మన దగ్గర తేదీ మారుతోంది. జనంలోనే నిలబడి తియ్యి. సాయంత్రం సూర్యుడు మన వెనక ఉంటాడు, ఓడల మీద వెలుతురు ముందు నుంచి పడుతుంది, కానీ నాలుగున్నర దాటితే చలికాలంలో వేగంగా పోతుంది. పది ఫొటోలు ఎంచి, ఒక్కోదానికి రెండు వాక్యాల క్యాప్షన్ రాయి. ఓడ పేరు తెలియకపోతే ఊహించి రాయకు, ఖాళీ వదులు. ఈలోగా నీ పాత పెళ్లి ఫోల్డర్ ఒకటి తెరిచి, గ్రూప్ ఫొటోలో ఎంతమంది పేర్లు నువ్వు చెప్పగలవో చూసుకుని, తెలియనివి ఆ ఇంటికి ఫోన్ చేసి అడిగి రాసుకో. రెండూ ఇక్కడ పెడితే నేను ఒక్కొక్కటీ చూసి చెప్తాను.